పదమూడు ముక్కల ఆట: ముందు 'లైఫ్' చూసుకోండి

(పుల్లలచెరువులో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో జరిగిన చిన్న తగాదా మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మన గదిలో క్యారమ్స్, చదరంగం ఉన్నాయి కదా, పేక కూడా పెడితే సాయంత్రాలు నలుగురూ చేరతారని కొందరు అన్నారు. పేక పెట్టిన మరునాటి నుంచి మా ఇంటావిడ నన్ను గడప దాటనివ్వదని మరికొందరు అన్నారు. ఎటూ తేలక, "అసలా ఆట ఏమిటో, దాని నియమాలేమిటో మాస్టారు చెబుతారు. విన్న తర్వాత తేల్చుకుందాం" అని అధ్యక్షులవారు ఆ బరువు నా నెత్తిన పెట్టారు.

ఇందులో ఒక తమాషా ఉంది. నేను ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి. బడి వెనక చింతచెట్టు కింద పేకాడుతున్న పిల్లల దగ్గర ముక్కలు లాక్కుని పొయ్యిలో వేసినవాణ్ణి. అలా ముక్కలు పోగొట్టుకున్నవాళ్ళలో ఒకాయన ఇప్పుడు మన సంఘంలోనే సభ్యుడు. రెండో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు. నవ్వనివ్వండి. ఆ రోజు నేను చేసింది తప్పని అనను. కానీ ఏ ఆటను కాల్చానో అది నాకు తెలియదు. తెలియకుండా కాల్చడం ఒక తప్పు, తెలియకుండా ఆడడం ఇంకా పెద్ద తప్పు. ఆ రెండోది కూడా చేశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆట చెప్పనివ్వండి.

ముక్కలు, పంపకం

పేక కట్టలో 52 ముక్కలు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అని నాలుగు రంగులు. రంగుకు పదమూడేసి: ఆసు, రెండు మొదలు పది వరకు, జాకీ, రాణి, రాజు. మనం ఆడే రమ్మీకి రెండు కట్టలు కావాలి. 104 ముక్కలకు కట్టకొక అచ్చు జోకరు చొప్పున కలిపితే 106. ఇద్దరి నుంచి ఆరుగురి దాకా హాయిగా ఆడుకోవచ్చు.

ముక్కలు బాగా కలిపి, పక్కవారి చేత కోయించి, మనిషికి పదమూడు పంచాలి. మిగిలిన కట్టను బోర్లించి మధ్యలో పెట్టాలి. అందులోంచి ఒక ముక్క తీసి వెల్లకిలా పక్కన వేస్తే అది తెరిచిన కుప్పకు మొదలు. ఇంకొక ముక్క తీసి కట్ట కింద అడ్డంగా, కనబడేలా పెడతారు. అదే ఆ ఆటకు జోకరు. అక్కడ ఏడు పడిందనుకోండి, ఏ రంగు ఏడైనా ఆ ఆటకు జోకరే. రెండు కట్టల్లో ఏడులు ఎనిమిది. ఒకటి కట్ట కింద ఉంది కాబట్టి మిగిలినవి ఏడు. వాటికి అచ్చు జోకర్లు రెండు కలిపితే తొమ్మిది. అంటే 106 ముక్కల్లో ఆదుకునేవి తొమ్మిదే. ఈ అంకె గుర్తుంచుకోండి. జోకరు వస్తుందిలే అని కూర్చునేవారి ఆశ ఎంత సన్ననిదో అదే చెబుతుంది.

మన వంతు వచ్చినప్పుడు ఒక ముక్క ఎత్తుకోవాలి, ఒక ముక్క పడేయాలి. మూసిన కట్టలోంచి ఎత్తవచ్చు, లేదా పైవాడు అప్పుడే పడేసిన ముక్కను తీసుకోవచ్చు. పడేసిన జోకరును మాత్రం తీసుకోకూడదన్నది చాలాచోట్ల ఉన్న పద్ధతి. చేతిలో ఎప్పుడూ పదమూడే ఉండాలి.

లైఫ్ అంటే

ఇప్పుడు అసలు సంగతి. చేతిలో ఉన్న పదమూడింటినీ వరసలుగా, సెట్లుగా కుదర్చాలి. ఒకే రంగులో వెంటవెంటనే వచ్చే మూడు లేక అంతకన్న ఎక్కువ ముక్కలు వరస: ఇస్పేటు నాలుగు, ఐదు, ఆరు. ఒకే అంకె వేరువేరు రంగుల్లో మూడో నాలుగో ఉంటే సెట్టు: ఇస్పేటు, ఆఠీను, కళావరు రాజులు. రెండు కట్టలు కలుస్తాయి గనుక ఒకే రంగు రాజులు రెండు రావచ్చు. అలాంటి జంట సెట్టుకు పనికిరాదు. ఆసును రెండు మూళ్ళ పక్కన పెట్టవచ్చు, రాణి రాజుల పక్కనా పెట్టవచ్చు. రాజు, ఆసు, రెండు అని చుట్టూ తిప్పడం మాత్రం కుదరదు.

షో చూపించాలంటే కనీసం రెండు వరసలు ఉండాలి. అందులో ఒకటి జోకరు సాయం లేకుండా, అసలు ముక్కలతోనే కుదరాలి. దాన్నే మన వైపు 'లైఫ్' అంటారు. రెండో వరసలోనూ, సెట్లలోనూ జోకరును వాడుకోవచ్చు. ఏడు జోకరైన ఆటలో ఇస్పేటు ఆరు, ఏడు, ఎనిమిది మన చేతికి వస్తే అది లైఫే. అక్కడ ఏడు తన చోట తాను కూర్చుంది, ఇంకొకరికి బదులు రాలేదు.

పెన్షనర్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు రిజిస్టరు ఉండవచ్చు, పెన్షన్ పేమెంట్ ఆర్డరు బీరువాలో భద్రంగా ఉండవచ్చు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఖాతాలో పైసా పడదు. రమ్మీలోనూ అంతే. లైఫ్ లేనివాడి చేతిలో ఎన్ని సెట్లున్నా అవి లెక్కలోకి రావు.

కుదిరిన చేతికి ఒక ఉదాహరణ చెబుతాను. జోకరు రెండు అనుకుందాం. ఇస్పేటు నాలుగు, ఐదు, ఆరు: ఇది లైఫ్. ఆఠీను ఎనిమిది, తొమ్మిది, పది స్థానంలో ఒక రెండు, జాకీ: ఇది రెండో వరస. మూడు రంగుల ఏడులు ఒక సెట్టు, మూడు రంగుల రాజులు ఒక సెట్టు. మూడు, నాలుగు, మూడు, మూడు. మొత్తం పదమూడు. పద్నాలుగో ముక్కను బోర్లా వేసి, ఇవి పరిచి చూపిస్తే షో. చూపినవారికి సున్నా. తొందరపడి తప్పు షో చూపితే ఫుల్ కౌంట్, అంటే 80 పాయింట్లు పడతాయి. కాబట్టి షో కొట్టేముందు ఇంకొకసారి లెక్కపెట్టుకోండి. వయసు మనది, కళ్ళద్దాలు మనవి.

పాయింట్లు, డ్రాప్

షో అయ్యాక తక్కినవారి చేతిలో కుదరని ముక్కలను లెక్కిస్తారు. రాజు, రాణి, జాకీ, ఆసు పదేసి. అంకెల ముక్కలకు వాటి అంకే పాయింటు. జోకరుకు సున్నా. రెండు వరసలూ ఉంటే కుదరని ముక్కలే లెక్క. లైఫ్ ఒక్కటే ఉండి రెండో వరస లేకపోతే, లైఫ్ తప్ప మిగతావన్నీ లెక్క. లైఫ్ కూడా లేకపోతే పదమూడూ లెక్కే. ఎంత ఎక్కువైనా 80కి మించి వేయరు.

నేను మొదటిసారి కూర్చున్నప్పుడు నా చేతికి మూడు రాజులు, మూడు రాణులు, మూడు తొమ్మిదులు వచ్చాయి. తొమ్మిది ముక్కలు కుదిరాయి కదా అని మురిసిపోయాను. ఎదుటాయన షో చూపించాడు. ముప్పై, ముప్పై, ఇరవై ఏడు. ఆ మూడు సెట్లకే 87. ఎనభై వేశారు. "మాస్టారూ, ముందు లైఫ్ చూసుకోవాలండీ" అన్నాడాయన. ఆ మాటే ఇవాళ మీకు చెబుతున్నాను.

చేతికి వచ్చిన ముక్కలు బాగోలేవని మొదట్లోనే తెలిస్తే ఆట నుంచి తప్పుకోవచ్చు. దాన్ని డ్రాప్ అంటారు. 101 పాయింట్ల ఆటలో ఒక్క ముక్కా ఎత్తకముందే డ్రాప్ చేస్తే 20, ఎత్తిన తర్వాత చేస్తే 40. 101 చేరినవాడు బయటికి వెళ్ళిపోతాడు. లెక్క చూడండి. ఐదుసార్లు మొదట్లోనే డ్రాప్ చేసినా 100, ఇంకా ఆటలోనే ఉంటాడు. మొండికేసి రెండు ఫుల్ కౌంట్లు తింటే 160, అంటే రెండు ఆటలకే బయట. లైఫ్‌కు దగ్గరగా రెండు ముక్కలైనా లేవు, జోకరు లేదు, చేతినిండా రాజులూ రాణులే. అలాంటప్పుడు ఇరవైతో తప్పుకోవడం పిరికితనం కాదు, లెక్క తెలిసినవాడి పని.

ఇంకొక లెక్క. ఇస్పేటు ఐదు, ఆరు చేతిలో ఉంటే నాలుగు వచ్చినా ఏడు వచ్చినా వరస అవుతుంది. రెండు కట్టల్లో అవి నాలుగు ముక్కలు. ఐదు, ఏడు ఉంటే ఆరు ఒక్కటే రావాలి. అవి రెండే. ఆసు, రెండు ఉన్నా అంతే, మూడే రావాలి. కనుక నడిమి ముక్కలు పట్టుకోండి, జత కుదరని పెద్ద ముక్కలను త్వరగా వదలండి. మీ తర్వాతివాడు ఆఠీను ఎనిమిది ఎత్తుకున్నాడంటే, ఆఠీను ఆరు, ఏడు, తొమ్మిది, పది అతని ముందు పడేయకండి. తక్కిన ఎనిమిదులూ పడేయకండి. ఏ ముక్క ఎవరు వేశారు, ఎవరు తీసుకున్నారు అన్నది మనసులో పెట్టుకోవడమే ఈ ఆటలో సగం విద్య.

ఊరికొక పద్ధతి ఉంటుందన్నది మరవకండి. కొన్నిచోట్ల ఆసుకు ఒకటే పాయింటు, కొన్నిచోట్ల అచ్చు జోకర్లు ఎక్కువ కలుపుతారు. 201 ఆటలో డ్రాప్ 25, 50 అంటారు. కూర్చునేముందే ఒప్పందం చేసుకుంటే ఆట మధ్యలో గొంతులు లేవవు.

నేర్పు ఉన్న ఆట అంటే

ఇది జూదమా, కాదా? ఈ ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పోలీసులు పెట్టిన కేసు అది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, ముక్కలు ఎలా పడుతున్నాయో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ఇందులో నేర్పుదే పైచేయి అన్నారు. అదే తీర్పులో, ఆట పెట్టినవాడు దాని మీద లాభం చేసుకుంటే అది నేరం కావచ్చునని కూడా అన్నారు. మనవాళ్ళు మొదటి సగం మాత్రం కంఠస్థం చేశారు.

తర్వాత చట్టాలు మారాయి. 2017లో తెలంగాణ డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించింది. 2020లో మన ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ జూదాన్ని రమ్మీతో సహా నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నేర్పు ఉందా అదృష్టమా అన్న తేడా లేకుండా, ఫోనుల్లో డబ్బు పెట్టి ఆడించే ఆటలన్నింటినీ నిషేధించింది. ఆడించేవారికీ, ప్రకటనలిచ్చేవారికీ శిక్షలు పెట్టింది.

నేర్పు ఉన్న ఆట అంటే నాకు అర్థమైనది ఒకటి చెబుతాను. లోపల బయట ఆడేవాడు అదృష్టం బాగుంటే ఒక పూటైనా గెలుస్తాడు. డబ్బు పెట్టిన రమ్మీలో నేర్పు తక్కువైనవాడు రోజూ పోగొట్టుకుంటాడు. నేర్పు ఉన్న ఆట అన్న మాటలో మనకు ధైర్యం కంటే హెచ్చరికే ఎక్కువ.

ఇది నేను పుస్తకంలో చదివినది కాదు. రిటైరైన ఏడాది పొద్దు పోక, పక్క పట్టణంలో ఒక గదికి వెళ్ళడం మరిగాను. పాయింటుకు రెండు రూపాయలు. వినడానికి ఎంత చిన్న మాట! ఫుల్ కౌంట్ తింటే నూట అరవై. పూటకు ఇరవై ఆటలు పడతాయి. లెక్కల మాస్టర్ని, నేను డ్రాప్ చేయడమేమిటని ప్రతి చేతినీ ఆడాను. పోయినది రాబట్టాలని మళ్ళీ వెళ్ళాను. మూడు నెలల్లో పదకొండు వేల చిల్లర పోయింది. కంటి ఆపరేషన్ అయిన మా ఆవిడకు అద్దాలు మార్చాలి, "వచ్చే నెల చూద్దాం" అన్నాను. ఆ వచ్చే నెల కూడా అదే మాట అన్నాను.

ఆమె బ్యాంకు పుస్తకం తీసి చూసింది. "ఎంతండీ?" అని అడిగింది. చెప్పాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నాకు అన్నం పెట్టింది, తాను తినలేదు. మరునాడు సాయంత్రం వంటింట్లోంచి చేటెడు చింతగింజలు తెచ్చి నా ముందు పోసింది. "డబ్బుకు బదులు ఇవి పెట్టండి. ఆ ఆటేదో నాకూ నేర్పండి. ఇంట్లో ఆడుకుందాం. ఆ గదికి మాత్రం మళ్ళీ వెళ్ళొద్దు" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆట చింతగింజల మీదే. పాయింట్లు మన మార్కాపురం పలక మీద వేస్తాం. ఆట అయ్యాక తుడిచేస్తాం. బాకీలు మరునాటికి మిగలవు. ఆవిడకు అక్షరాలు నెమ్మదిగా వస్తాయి గానీ, ముక్క ఎవరు వేశారో ఒక్కటీ మరచిపోదు. చేయి బాగోలేకపోతే నిమిషం ఆలోచించదు, డ్రాప్ అంటుంది. వారంలో నాలుగు రోజులు నేనే ఓడతాను. సెలవులకు మనవళ్ళు వచ్చినప్పుడు వాళ్ళు కూడా కూర్చుంటారు. ఫోను పక్కన పెట్టి తాతతో రెండు గంటలు కూర్చున్న మనవణ్ణి మీరు ఈమధ్య ఎక్కడైనా చూశారా?

ఫోను మాట వచ్చింది కాబట్టి ఒక మనవి. చట్టం వచ్చినంత మాత్రాన ఫోనులోకి వచ్చే వల ఆగిపోదు. ఏదో పేరుతో, ఏదో లింకుతో మళ్ళీ వస్తుంది. ఎదురుగా మనుషులతో ఆడేటప్పుడు, "పొద్దుపోయింది, ఇక లేద్దామా" అనేవాడు ఒకడైనా ఉంటాడు. అర్ధరాత్రి మంచంలో పడుకుని ఆడేవాడికి ఆ మాట చెప్పేవారు లేరు. ఎదుటివాడి ముఖం కనబడదు. అసలు ఎదుట మనిషి ఉన్నాడో లేడో తెలియదు. మీ పెన్షన్ ఖాతా ఉన్న ఫోనులో ఇలాంటి ఆట ఉంటే ఇవాళ ఇంటికి వెళ్ళాక తీసేయించండి. డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి దాచకండి. ఇంట్లో చెప్పండి. నేను మూడు నెలలు దాచాను. మొదటి నెలలోనే చెప్పి ఉంటే మూడింట రెండు వంతులు మిగిలేది.

నా సూచన

ఇక గదిలో పేక పెట్టాలా వద్దా అన్నది మీరు తేల్చాలి. పెట్టేటట్టయితే నాలుగు షరతులు రాసి గోడకు అంటించమని నా మనవి. ఒకటి, డబ్బు గానీ, డబ్బుకు మారే వస్తువు గానీ, టీ ఖర్చు పేరుతో కూడా బల్ల మీద పెట్టరాదు. రెండు, తలుపులు తెరిచే ఉండాలి. ఇంటివారు ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు, ఆడవచ్చు. మూడు, దీపాలు పెట్టిన గంటకు ఆట కట్టేయాలి. నాలుగు, కొత్తగా నేర్చుకునేవారిని ఎగతాళి చేయరాదు. పేకాడితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని నేను హామీ ఇవ్వను. నలుగురు ఒకచోట కూర్చుంటే, రానివాడు ఎందుకు రాలేదని కనుక్కుంటారు. ఒంటరిగా ఉన్న సభ్యులు మనలో ఎందరున్నారో మీకు తెలుసు. వాళ్ళకు అదే పెద్ద సాయం.

అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు ఒక మాట. మీ భయం న్యాయమైనది. ఈ పేక వల్ల పొలాలు పోయిన ఇళ్ళు మన పల్లెల్లో ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో ఆట ఏమిటో ఆడవాళ్ళకు తెలియదు. డ్రాప్ అంటే ఏమిటో, ఫుల్ కౌంట్ అంటే ఎంతో తెలిసిన ఇల్లాలి ముందు ఏ మగవాడూ "ఊరికే కాలక్షేపానికి వెళ్ళొచ్చా" అని తప్పించుకోలేడు. అందుకైనా నేర్చుకోండి.

చివరగా మళ్ళీ అదే మాట. చేతికి ముక్కలు రాగానే ముందు లైఫ్ చూసుకోండి. లేకపోతే ఇరవైతో తప్పుకోండి. ఈ ఏడాది ఖజానా కార్యాలయంలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వనివారు ఎవరైనా ఉంటే, పేక సంగతి తర్వాత, ముందు ఆ పని చూసుకోండి.

 రెండో వరసలో నవ్వుతున్న నా పాత శిష్యుడికి ఒక మాట. నాయనా, ఆ రోజు నేను కాల్చిన పేకకు బదులు ఈ కొత్త కట్టలు రెండు తెచ్చాను. సభ అనుమతిస్తే మొదటి పంపకం నీదే. సెలవు.